‘సు’ అంటే ఎవరిది?



ఈ పూట ఒక చిన్న మాట గురించి మాట్లాడుకుందాం. నిజంగా చిన్నదే. ఒకే ఒక్క అక్షరం. సు. మన సుజాతలో, సుబ్బారావులో సు ఎలా పలుకుతామో అలాగే పలకాలి. స్పానిష్ భాషలో ఇది ఒక పూర్తి మాట. ఒక వస్తువు ఎవరిదో, ఒక మనిషి ఎవరి తాలూకో చెప్పే మాట.

కాసా అంటే ఇల్లు. సు కాసా అంటే అతని ఇల్లు. ఆమె ఇల్లు అన్నా సు కాసాయే. వాళ్ళ ఇల్లు అన్నా అదే. మర్యాదగా మీ ఇల్లు అనాలన్నా అదే. మళ్ళీ చెబుతాను, ఎందుకంటే ఈ కబురంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అతని, ఆమె, దాని, వాళ్ళ, మీ. ఇన్నిటికీ స్పానిష్‌లో ఒకటే మాట, సు.

స్పానిష్‌ మాట్లాడేవాళ్ళకి దీంతో ఇబ్బందేమీ లేదు. ఎవరి ఇంటి గురించి మాట్లాడుతున్నారో వాళ్ళకి తెలుసు. చిక్కంతా ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడే. ఇంగ్లిష్ ఊరుకోదు. హిజ్ అంటావా, హర్ అంటావా, యువర్ అంటావా, దెయిర్ అంటావా, తేల్చి చెప్పు అంటుంది. స్పానిష్ వాక్యం చెప్పని సంగతిని ఇంగ్లిష్ వాక్యం చెప్పమంటుంది. ఆ చెప్పని సంగతి ఎక్కడ దొరుకుతుంది? వ్యాకరణ పుస్తకంలో దొరకదు. మాట్లాడేది ఎవరు, ఏ ఊరివాళ్ళు, ఎవరితో మాట్లాడుతున్నారు, వీటిలోనే దొరుకుతుంది. నేను ఈ పూట చెప్పదలచుకున్నది ఇదే.

ఒక కోర్టు గదిని ఊహించుకోండి. అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో. సాక్షి బోనులో ఒక స్త్రీ ఉంది. ఆమెకి స్పానిష్ ఒక్కటే వచ్చు. పక్కన ఇంటర్‌ప్రెటర్, అంటే దుబాసీ. వకీలు అడిగాడు, తాళంచెవి ఎవరి దగ్గర ఉందని. ఆమె చెప్పింది. మరియా తాళంచెవిని సు ఎర్మానోకి ఇచ్చిందట, ఆ మాట నాకు కార్లోస్ చెప్పాడు, అని. ఎర్మానో అంటే అన్నో తమ్ముడో. ఇప్పుడు దుబాసీ ఏం చెప్పాలి? హర్ బ్రదర్ అంటే మరియా సోదరుడు. హిజ్ బ్రదర్ అంటే కార్లోస్ సోదరుడు. ఇద్దరూ వేరు వేరు మనుషులు. తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే ఆ కేసులో అసలు సంగతి కావచ్చు. ఇంకొంచెం లోతుగా చూస్తే, ఆమె మాట్లాడుతున్నది వకీలుతో. వకీలుని మర్యాదగా మీరు అంటుంది. కాబట్టి వ్యాకరణం ప్రకారం అది వకీలుగారి సోదరుడు కూడా కావచ్చు. మూడు అర్థాలు. దుబాసీకి ఉన్న సమయం రెండు మూడు క్షణాలు.

అక్కడ పద్ధతి తెలిసిన దుబాసీ ఊహించి చెప్పరు. జడ్జిగారి వైపు తిరిగి, ఇంటర్‌ప్రెటర్‌కి ఒక స్పష్టత కావాలి, సాక్షిని అడగడానికి అనుమతి ఇవ్వండి అంటారు. గమనించారా, నాకు కావాలి అనరు. ఇంటర్‌ప్రెటర్‌కి కావాలి అంటారు. ఎందుకంటే కోర్టులో దుబాసీ నేను అన్నారంటే, ఆ నేను సాక్షి కింద లెక్క. ఎవరు ఎవరన్నది కలిసిపోకుండా ఇంత జాగ్రత్త. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో దుబాసీల గురించి 1978లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. అడిగి తెలుసుకోవడం దుబాసీకి భాష రాదనడానికి గుర్తు అని కొందరు అనుకుంటారు. నా దృష్టిలో భాష బాగా వచ్చిన వాళ్ళే అడుగుతారు. రానివాళ్ళకి అక్కడ ప్రశ్న ఉందని కూడా తెలియదు.

ఇక్కడ ఒక్క మాట. ఎర్మానో అనగానే నేను అన్నో తమ్ముడో అన్నాను, విన్నారు కదా. స్పానిష్ ఆ సంగతి చెప్పదు. ఇంగ్లిష్ చెప్పదు. మన తెలుగుకి అది కావాలి. సోదరుడు అన్న పుస్తకాల మాట పక్కన పెడితే, పెద్దవాడా, చిన్నవాడా తేలకపోతే మనకి నోట మాట రాదు. ప్రతి భాషకీ ఇలా ఒక పట్టుదల ఉంటుంది. ఇంగ్లిష్ పట్టుదల ఆ మనిషి ఆడా మగా అని. మన పట్టుదల పెద్దా చిన్నా అని.

సరే, సు దగ్గరికి వద్దాం. స్పానిష్ నేర్చుకునేవాళ్ళు మొదట్లో ఒక చోట తప్పకుండా తడబడతారు. సుకి బహువచనం ఉంది, సుస్. సు లీబ్రో అంటే ఒక పుస్తకం. సుస్ లీబ్రోస్ అంటే చాలా పుస్తకాలు. విద్యార్థి ఏమనుకుంటాడంటే, సుస్ బహువచనం కదా, కాబట్టి వాళ్ళ పుస్తకాలు అయివుంటుంది అని. కాదు. బహువచనం పుస్తకాలకి, మనుషులకి కాదు. ఒక్కడికి పది పుస్తకాలుంటే సుస్ లీబ్రోస్. పదిమందికి కలిపి ఒక్క పుస్తకం ఉంటే సు లీబ్రో. ఈ మాట వస్తువు వైపు చూస్తుంది. ఇంగ్లిష్ మాట మనిషి వైపు చూస్తుంది. హిజ్, హర్ అన్నవి వస్తువు ఒకటా పదా అని పట్టించుకోవు, సొంతదారు మగవాడా ఆడదా అనే చూస్తాయి. రెండు భాషలూ రెండు దిక్కులకి చూస్తున్నాయి. మధ్యలో నిలబడ్డది అనువాదకుడు.

ఇలా ఎందుకయింది? కొంచెం వెనక్కి వెళ్దాం. స్పానిష్‌కి తల్లి లాటిన్. లాటిన్‌లో ఈ గందరగోళం ఇంత లేదు. అక్కడ రెండు మాటలుండేవి. సుఉస్ అని ఒకటి, ఎయుస్ అని ఇంకొకటి. సుఉస్ అంటే తన. ఎయుస్ అంటే అతని, లేదా ఆమె. తెలుగువాళ్ళకి దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. రాముడు తన ఇంటికి వెళ్ళాడు అంటే రాముడి ఇంటికే. రాముడు అతని ఇంటికి వెళ్ళాడు అంటే వేరే ఎవరి ఇంటికో. ఇదే తేడా లాటిన్‌లో ఉండేది. కాలక్రమంలో స్పానిష్ ఎయుస్‌ని పోగొట్టుకుంది. సుఉస్ మిగిలి, సు అయింది. మనకి అతని, ఆమె, వాళ్ళ అన్న మాటలన్నీ పోయి ఒక్క తన మిగిలితే ఎలా ఉంటుందో ఊహించండి. స్పానిష్ పరిస్థితి అది. మన తన కూడా ఒక్కోసారి తడబడుతుందనుకోండి. తాళంచెవి తన తమ్ముడికి ఇచ్చిందని కార్లోస్ చెప్పాడు అంటే, మనమైనా ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిందే. కానీ చాలా చోట్ల తన మనల్ని కాపాడుతుంది.

అయితే మీ అన్న అర్థం సుకి ఎక్కడినుంచి వచ్చింది? ఈ కథ నాకు చాలా ఇష్టం. పాత స్పెయిన్‌లో పెద్దమనిషిని నువ్వు అనేవారు కాదు. బ్వెస్త్ర మెర్సేద్ అనేవారు. తమ దయ, తమ అనుగ్రహం అని అర్థం. డాన్ కిహోతే నవల 1605లో వచ్చింది, సెర్వాంటెస్ రాసింది. అందులో సాంచో పాన్సా తన యజమానిని పిలిచేది ఈ మాటతోనే. ఒక మనిషిని దయ అని పిలిస్తే ఏమవుతుంది? క్రియ మారిపోతుంది. తమ దయ భోంచేసిందా, అని అడగాలి. ఎదురుగా ఉన్న మనిషి గురించి ఎవరో మూడో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడాలి. మనం కూడా ఎదురుగానే నిలబడి, అయ్యగారు భోంచేశారా అని అడగలేదూ? అదే తీరు. ఈ బ్వెస్త్ర మెర్సేద్ నలిగి నలిగి ఉస్తేద్ అయింది. ఈనాటి స్పానిష్‌లో మీరు అనడానికి ఉస్తేద్. మూడో మనిషి వేషంలో వచ్చిన మీరు కాబట్టి, దానికి సొంతం చెప్పాలన్నా మూడో మనిషి మాటే, సు.

మన దగ్గర తమరు అన్న మాట చూడండి. వాళ్ళు తమ ఊరు వెళ్ళారు అంటే వాళ్ళ సొంత ఊరు. తమ ఊరు ఏదండీ అని ఎదుటివారిని అడిగితే మీ ఊరు. ఒకే తమ. ఒకసారి వాళ్ళది, ఒకసారి మీది. వినయం కోసం మనమూ అదే దారి తొక్కాం. అందుకే స్పానిష్ సు వెనకున్న మనసు తెలుగువాళ్ళకి అందినంత సులువుగా ఇంగ్లిష్‌ వాళ్ళకి అందదు. మనది పాతకాలపు మర్యాదగా ఒక మూల ఉండిపోయింది. వాళ్ళది రోజూ నోట్లో నలిగే మాట.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. స్పానిష్ ఒక దేశం భాష కాదు. 20 దేశాల్లో అధికార భాష. అమెరికాలో కోట్లమంది ఇళ్ళలో మాట్లాడే భాష. మరి అన్ని చోట్లా సు ఒకలాగే పలకవచ్చు, కానీ ఒకలాగే అర్థం కాదు. ఈ మాట మరోసారి చెబుతాను. పలకడం ఒకటే, అర్థం ఊరిని బట్టి.

స్పెయిన్ నుంచి మొదలుపెడదాం. మాద్రిద్‌లో మీ స్నేహితులు నలుగురు కూర్చున్నారనుకోండి. మీ ఇల్లు ఎక్కడ అని అడగాలి. వాళ్ళు బ్వెస్త్ర కాసా అంటారు. చనువున్న నలుగురిని కలిపి మీ అనడానికి వాళ్ళకి వేరే మాట ఉంది. కాబట్టి మాద్రిద్‌లో స్నేహితుల మధ్య సు కాసా అన్న మాట వినబడితే, అది అక్కడ లేనివాళ్ళ ఇల్లే అయివుంటుంది. అదే సముద్రం దాటి లాటిన్ అమెరికాకి వెళ్ళండి. అక్కడ బ్వెస్త్ర అన్నది నిత్య వాడుకలో లేదు. నలుగురు స్నేహితులైనా, నలుగురు మంత్రులైనా ఉస్తేద్‌కి బహువచనమైన ఉస్తేదెసే. కాబట్టి ఆ బరువు కూడా సు మీదే పడింది. స్పెయిన్‌లోనే కానరీ దీవుల్లో, పడమటి ఆందలుసియాలో చాలామంది లాటిన్ అమెరికా తీరులోనే ఉస్తేదెస్ అంటారు. అందుకే స్పెయిన్ మనిషి రాసింది కదా అని కళ్ళు మూసుకుని తేల్చేయడానికి వీల్లేదు. స్పెయిన్‌లో ఏ ఊరు అని అడగాలి.

మోయలేని బరువు పడితే జనం ఊరుకుంటారా? దారి వెతుక్కున్నారు. లాటిన్ అమెరికాలో మాట్లాడేటప్పుడు చాలాసార్లు లా కాసా దే ఎల్ అంటారు, అతని ఇల్లు. లా కాసా దే ఎయా, ఆమె ఇల్లు. లా కాసా దే ఉస్తేదెస్, మీ అందరి ఇల్లు. ఇలా విడదీసి చెబుతారు. దానివల్ల అనువాదకుడికి ఒక ఆనవాలు దొరుకుతుంది. మూడో మనిషికి విడదీసిన మాట వాడే అలవాటున్న మనిషి, ఉన్నట్టుండి ఒట్టి సు అన్నాడంటే, అది ఎదుటివారిని ఉద్దేశించి అన్న మీ అయ్యే అవకాశం ఎక్కువ. ఇది సూత్రం కాదు, ఆనవాలు మాత్రమే. మొత్తం సంభాషణ చదివి ఆ మనిషి అలవాటు పట్టుకుంటే తప్ప పనికిరాదు.

ఇక మెక్సికో. ఇక్కడ కాస్త ఆగాలి. మెక్సికోలో ఒక పెద్దాయన మీకు పరిచయమయ్యాడు. ఆదివారం సు కాసాలో భోజనానికి కలుద్దాం అన్నాడు. ఉస్తేద్ అంటూ మర్యాదగా మాట్లాడుతున్నాడు. మీకు వచ్చిన స్పానిష్ ప్రకారం సు కాసా అంటే మీ ఇల్లు. ఈయన మా ఇంటికి భోజనానికి వస్తానంటున్నాడేమిటి అని మీరు కంగారు పడతారు. ఇంట్లో ఏముంది, ఏం వండాలి అని లెక్కలు వేసుకుంటారు. ఆయన ఉద్దేశం అది కాదు. ఆయన చెప్పింది ఆయన ఇంటి గురించి. నా ఇల్లు అంటే అది తమదే కదా, అందుకని మీ ఇల్లు అన్నాడు. కాసా దే ఉస్తేద్, మీ ఇల్లు కొయొవాకాన్‌లో ఉంది అని మెక్సికో నగరవాసి అంటే, తను ఉండేది కొయొవాకాన్‌లో అని. దీనికి స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళు కూడా తికమకపడతారు, వాళ్ళ మాతృభాష అదే అయినా.

మనం ఇంటికి వచ్చిన చుట్టంతో, మొహమాటపడకండి, ఇది మీ ఇల్లే అనుకోండి అంటాం. కానీ అనుకోండి అన్న మాట చేరుస్తాం. మెక్సికో మర్యాద ఆ అనుకోండిని తీసేసింది. నేరుగా మీ ఇల్లే. ఇప్పుడు ఇంగ్లిష్‌లోకి ఎలా తేవాలి? యువర్ హౌస్ అంటే అర్థం తలకిందులవుతుంది. మై హౌస్ అంటే అర్థం నిలుస్తుంది, మర్యాద జారిపోతుంది. నా మటుకు నేను మై హౌస్ వైపే. చిరునామా తప్పయితే ఎవరూ భోజనానికి చేరరు. పోయిన మర్యాదని ఆ వాక్యంలో ఇంకో చోట పెట్టుకోవచ్చు. దయచేసి మీ ఇంటికి వచ్చినట్టే రండి అన్న ధోరణి పక్క వాక్యంలో తేవచ్చు. సు అన్న చోటే అంతా ఇరికించాలని లేదు.

మెక్సికోలోనే ఇంకో సు ఉంది. ఆయన సాయంత్రం సుస్ సెర్బేసితాస్ తాగాడు అంటారు. సెర్బేసితాస్ అంటే ముద్దుగా చిన్న బీర్లు. అతని బీర్లు తాగాడు అని ఇంగ్లిష్‌లో రాస్తే, వేరేవాళ్ళ బీర్లు ముట్టుకోలేదు, తనవే తాగాడు అన్నట్టుంటుంది. ఇక్కడ సుస్‌కి సొంతం అన్న అర్థం లేదు. అలవాటుగా, తన మానాన తాను కొన్ని తాగాడు అని. ఇంగ్లిష్‌లో ఎ ఫ్యూ బీర్స్ అంటే సరిపోతుంది. ఇంకొకటి. ఫలానా ఆవిడ తియెనే సుస్ అన్యోస్ అంటారు. ఆవిడకి ఆవిడ ఏళ్ళున్నాయి అని మాటకి మాట. అసలు అర్థం, ఆవిడకి వయసు బాగానే ఉంది అని. ఇలాంటి చోట హిజ్ అనాలా హర్ అనాలా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆ మాట వదిలేస్తే చాలు.

కొలంబియాకి వెళ్దాం. ఉస్తేద్ అంటే మర్యాద, కాబట్టి దూరం మనుషులకే వాడతారు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. బొయాకా ప్రాంతంలో, సాంతాందేర్ ప్రాంతంలో భార్యాభర్తలు ఒకరినొకరు ఉస్తేద్ అనుకుంటారు. తల్లి కొడుకుని ఉస్తేద్ అంటుంది. స్నేహితులూ అంతే. కోస్తా రికాలో పసిపిల్లల్ని, పెంపుడు కుక్కని కూడా ఉస్తేద్ అనడం మామూలు. మన దగ్గరా ఇంతే కదా. కొన్ని ఊళ్ళలో నాన్నని మీరు అంటారు. తెలంగాణ పల్లెల్లో ఎంతో ప్రేమగా, గౌరవంగా నాన్నని నువ్వు అంటారు. బయటివాడు వచ్చి ఆ నువ్వుని అమర్యాద అనుకుంటే తప్పు ఎవరిది? అందుకని, బొయాకాలో ఒక తల్లి కొడుకుతో సు పాపా వచ్చాడు అంటే, అది మీ నాన్న వచ్చాడని. పుస్తకం చదువుకున్న అనువాదకుడు, తల్లి కొడుకుని ఉస్తేద్ అనదు కదా అని లెక్క వేసి, అతని నాన్న వచ్చాడు అని రాస్తాడు. ఇంట్లోకి వచ్చిన సొంత నాన్న ఇంగ్లిష్‌లో ఎవరి నాన్నో అయిపోతాడు.

అదే బొయాకాలో, బొగోతా చుట్టుపక్కల ఇంకో అందమైన మాట వినిపిస్తుంది. సుమెర్సే. పాత సు మెర్సేద్, అంటే తమ దయ అన్నదే, ఇంకా బతికుంది. ఉస్తేద్‌గా మారిపోలేదు. ఇప్పుడది దొరల మాట కాదు. కూరగాయలమ్మే ఆవిడ కొనేవారిని సుమెర్సే అంటుంది. అమ్మమ్మ మనవడిని సుమెర్సే అంటుంది. ఆ మాట మొదట్లో ఉన్న సుని విడదీసి ఎవరిది అని అడగకూడదు. అది పిలుపు. దాన్ని యువర్ గ్రేస్ అని రాస్తే కూరగాయల దుకాణం కాస్తా రాజుగారి కొలువు అవుతుంది. ఒక్కోసారి డియర్, ఒక్కోసారి ఒట్టి యూ. ఆ నిమిషాన ఆ గొంతులో ఉన్న ఆప్యాయతని బట్టి తేల్చుకోవాలి.

ఇప్పుడు ఆండీస్ కొండల్లోకి ఎక్కుదాం. పెరూ, బొలీవియా. అక్కడ క్వెచువా మాట్లాడే జనం తరతరాలుగా స్పానిష్ కూడా మాట్లాడుతున్నారు. వాళ్ళ స్పానిష్‌లో, దే హువాన్ సు కాసా అంటారు. హువాన్‌ది అతని ఇల్లు అని. బడిలో పంతులు దీన్ని తప్పు అని కొట్టేస్తాడు. సొంతదారుని రెండుసార్లు చెప్పావు కదా అంటాడు. కానీ క్వెచువాలో వాక్యం కట్టే తీరే అది. హువాన్‌పా వాసిన్ అంటారు. హువాన్‌కి షష్ఠి ఉంది, ఇల్లు అన్న మాట చివర అతని అన్న గుర్తూ ఉంది. ఆ కట్టుబాటే స్పానిష్‌లోకి నడిచి వచ్చింది. మనం రాము వాళ్ళ నాన్న అంటాం. రాము నాన్న అంటే సరిపోదా? సరిపోతుంది. అయినా వాళ్ళ అని చేరిస్తేనే మన చెవికి నిండుగా ఉంటుంది. ఆ వాళ్ళ ఎవరు అని ఎవరూ అడగరు.

మరి ఇంగ్లిష్‌లో? హువాన్స్ హౌస్ అని రాస్తే చాలు. చిత్రమేమిటంటే, పంతులు తప్పన్న ఈ వాక్యంలోనే అనువాదకుడికి సందేహం లేదు. సొంతదారు పేరు పక్కనే ఉంది. కోర్టులో సాక్షి వాంగ్మూలాన్ని ఇంగ్లిష్ చేసేటప్పుడు మాత్రం ఆ తీరుని వంకర ఇంగ్లిష్‌గా మార్చకూడదు. ఆఫ్ హువాన్ హిజ్ హౌస్ అని రాస్తే, తన భాషలో సవ్యంగా మాట్లాడిన మనిషి చదువురానివాడిలా కనిపిస్తాడు. ఇది అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను. నవలలో అయితే ఆలోచన వేరు. పెరూ రచయిత హోసే మరియా అర్గేదాస్ చిన్నప్పటినుంచి క్వెచువా మధ్య పెరిగినవాడు. క్వెచువా లయ స్పానిష్‌లో వినిపించాలని జీవితమంతా శ్రమపడ్డాడు. అలాంటి రచయిత పుస్తకంలో ఆ కట్టుబాటు కావాలని పెట్టింది. దాన్ని పూర్తిగా చదును చేస్తే ఆయన పని వృథా అవుతుంది.

గ్వాటెమాలాలో ఉన్ మి అమీగో అంటారు. ఒక నా స్నేహితుడు అని. పాత స్పానిష్‌లో ఉన్న తీరే, అక్కడ నిలిచింది. ఇంగ్లిష్‌లో ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్ అంటే చక్కగా అతుకుతుంది. దానికి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఇంకో వైపు కూడా చూడాలి. ఇంగ్లిష్‌కి హిజ్, హర్ కావలసిన చోట స్పానిష్ అసలు ఏ మాటా పెట్టకపోవచ్చు. సే లావో లాస్ మానోస్ అంటారు. చేతులు కడుక్కుంది, లేదా కడుక్కున్నాడు. ఎవరి చేతులు అని చెప్పనక్కర్లేదు కదా. మనమూ చెప్పం. తన చేతులు కడుక్కున్నాడు అంటే అతిగా ఉంటుంది. పైగా స్పానిష్‌లో క్రియని బట్టి ఆడా మగా తెలియదు. మన అతను, ఆమె లాంటి మాటని కూడా వాళ్ళు సాధారణంగా వదిలేస్తారు. ఇంగ్లిష్‌లో మాత్రం హి వాష్డ్ హిజ్ హ్యాండ్స్ అనో, షి వాష్డ్ హర్ హ్యాండ్స్ అనో అనాలి. ఒక్క వాక్యంలో రెండుసార్లు తేల్చాలి.

మనిషికే ఇంత కష్టమైతే యంత్రం సంగతి ఏమిటి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లోండా షీబింగర్ అని చరిత్రకారిణి ఉన్నారు. విజ్ఞానశాస్త్రంలో స్త్రీల స్థానం గురించే ఆమె పరిశోధన. స్పెయిన్ పత్రికలవాళ్ళు ఆమెని ఇంటర్వ్యూ చేశారు. ఆ వ్యాసాన్ని ఆమె గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఇంగ్లిష్ చేసుకుని చూస్తే, ఆమె మాటలన్నీ ఎవరో మగవాడు అన్నట్టు వచ్చాయి. హి సెడ్, హి థింక్స్ అని. యంత్రానికి స్పానిష్ వాక్యంలో మనిషి కనబడలేదు. కనబడనప్పుడు, తనకి ఎక్కువసార్లు ఎదురైనదే రాసేసింది. ఇప్పటి యంత్రాలు అప్పటికన్నా చాలా మెరుగు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క వాక్యం విడిగా ఇస్తే, అందులో లేని సమాచారాన్ని ఏ యంత్రమూ తీసుకురాలేదు. తెచ్చినట్టు కనిపిస్తే అది ఊహ.

ఇక్కడ ఇంగ్లిష్ తనంతట తానే ఒక తలుపు తెరిచింది. ఒక్క మనిషికే దే, దెయిర్ వాడే పద్ధతి. పాతదే. ఈమధ్య మళ్ళీ బాగా వాడుకలోకి వచ్చింది. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో దే అన్న మాటనే ఆ ఏటి మాటగా ఎంచింది. ఉద్యోగ నియమాలు, ఆసుపత్రి ఫారాలు, బడి నుంచి తల్లిదండ్రులకి పంపే ఉత్తరాలు, వీటిలో ఆ మనిషి ఎవరో నిజంగానే తెలియదు. అక్కడ సుకి దెయిర్ అన్నది హాయిగా సరిపోతుంది. కథలో కుదరదు. కథలో మరియాకీ కార్లోస్‌కీ మధ్య దెయిర్ అంటే, ఇద్దరిదీ కలిపి అన్న కొత్త అర్థం పుట్టుకొస్తుంది.

ఈ పని నేర్చుకునే పిల్లలకి నేను ఒక పద్ధతి చెబుతుంటాను. హైదరాబాదులో స్పానిష్ నేర్చుకుని కంపెనీల్లో అనువాదాలు చేస్తున్న మన పిల్లలు ఇప్పుడు తక్కువేం లేరు. అమెరికాలో డాక్టర్లుగా, నర్సులుగా ఉండి రోజూ స్పానిష్ మాట్లాడే రోగుల్ని చూసే తెలుగువాళ్ళూ ఉన్నారు. పద్ధతి చాలా మామూలుది. కాగితం మీద ప్రతి సు కిందా పెన్సిల్‌తో గీత గీయండి. పక్కన మార్జిన్‌లో సొంతదారు పేరు రాయండి. హిజ్ అనో హర్ అనో కాదు. పేరు. మరియా అనో, కార్లోస్ అనో, డాక్టరుగారు అనో. పేరు రాయడానికి చెయ్యి ఆగిపోయిందంటే అక్కడ మీకు తెలియదన్నమాట. ఆ ఖాళీలే మీ అసలు పని.

ఆ ఖాళీల దగ్గర మొదట చేయాల్సింది, రాసిన మనిషి ఏ ప్రాంతంవారో కనుక్కోవడం. బొయాకా అయితే ఒక లెక్క, మాద్రిద్ అయితే ఒక లెక్క, ఆండీస్ కొండల్లోని కుస్కో అయితే మరో లెక్క. అప్పటికీ తేలకపోతే అడగడం. రోగి ఎదురుగా ఉంటే రోగిని అడగండి. పక్కింటావిడ ఒక తల్లినీ కూతురినీ ఆసుపత్రికి తీసుకొచ్చి, సు మెదిసీనా ఉదయం వేసుకోలేదు అందనుకోండి. అమ్మ మందా, కూతురి మందా? నవ్వకండి. ఇద్దరికీ చక్కెర జబ్బు ఉండవచ్చు, ఇద్దరూ ఒకే మాత్ర వాడవచ్చు. తల్లి వైపు తిరిగి, దే ఎయా, ఓ సూయా? ఆవిడదా, మీదా? అనబోయి ఆగండి. సూయా అన్నది కూడా సుకి తోబుట్టువే, అదీ ఎవరిదో చెప్పదు. పేరు పెట్టి అడగండి. అమ్మగారి మందేనా, అని. రెండు క్షణాల పని.

రాసినవారు లేరు, అడగడానికి ఎవరూ లేరు, కాగితం ఒక్కటే ఉంది. అప్పుడు ఇంగ్లిష్‌లో తప్పుకునే దారులు కొన్ని ఉన్నాయి. హిజ్ బ్రదర్ బదులు ద బ్రదర్ అనవచ్చు. వాక్యం తిప్పి రాసి సొంతదారు అవసరమే లేకుండా చేయవచ్చు. న్యాయపత్రమైతే ఆ దారి కూడా వద్దు. అడుగున ఒక గమనిక రాయండి. మూలంలో ఈ మాట ఇద్దరిలో ఎవరికైనా వర్తిస్తుంది, అని. అది చదివి ఎవరిదో తేల్చాల్సినది కోర్టు. ఆ పని కోర్టుకే వదిలిపెట్టండి.